ఫీజు బకాయి కూడా రైతు అప్పే

జూన్ రాగానే మన ఇళ్లలో రెండు ఖర్చులు ఒకేసారి గడప తొక్కుతాయి. ఒకటి విత్తనాలు, ఎరువులు, దుక్కి కూలి. రెండోది పిల్లల చదువు. పత్తి గింజ పెట్టే రోజుల్లోనే పెద్దవాడి ఇంజనీరింగ్ ఫీజు, చిన్నదాని డిగ్రీ అడ్మిషను, హాస్టలు అడ్వాన్సు, బస్సు పాసు అన్నీ వచ్చి పడతాయి. మొదటి ఖర్చు గురించి మన సంఘం ఏటా మాట్లాడుతూనే ఉంది. నకిలీ విత్తనాల మీద ధర్నా చేశాం, యూరియా కోసం లైన్లలో నిలబడ్డాం, గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కాం. రెండో ఖర్చు గురించి మాత్రం ఏ మహాసభలోనూ గట్టి తీర్మానం చేయలేదు. అది విద్యార్థి సంఘాలు చూసుకునే పని అనుకున్నాం. ఆ అనుకోవడం తప్పని ఈ సంచికలో ఒప్పుకుంటున్నాం.

ఈసారి సభ్యత్వం కోసం ఊళ్లు తిరిగినప్పుడు ప్రతి ఇంట్లో అప్పు ఎంత, ఎవరి దగ్గర, దేనికి అని అడిగాం. దాన్ని సర్వే అని చెప్పుకోవడం లేదు. అరుగుల మీద కూర్చుని మాట్లాడుకున్న మాటలే అవి. కానీ ఒక మాట మళ్లీ మళ్లీ వినపడింది. "సగం పెట్టుబడికి తెచ్చింది, సగం పిల్ల ఫీజుకు కట్టింది." ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదా అని అడిగితే, "వస్తుందన్నారు. వచ్చినాక కాలేజీవాళ్లు తిరిగి ఇస్తామన్నారు" అనేది జవాబు. ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు.

మిరప పండించే ఒక కౌలు రైతు లెక్క ఇక్కడ చెప్పాలి. పేరు వద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. నాలుగెకరాలు కౌలు. కూతురు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్, బీసీ కోటాలో కన్వీనర్ సీటు. ప్రభుత్వం కట్టాల్సింది ఏడాదికి 35,000. రెండేళ్ల డబ్బు రాలేదు. మూడో ఏడు పరీక్షల ముందు కాలేజీ వాళ్లు పిల్లను ఆఫీసుకు పిలిచి, పాత బాకీ 70,000 కడితేనే హాల్ టికెట్ అన్నారు. ఆ అమ్మాయి ఇంటికి ఫోన్ చేసి ఏడ్చింది. తండ్రి ఎవరి దగ్గరికి వెళ్తాడు? పెట్టుబడి ఇచ్చిన కమీషన్ కొట్టు దగ్గరికే వెళ్లాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. పైగా పంట ఆ కొట్టుకే తేవాలని షరతు. షరతు అంటే కాగితం మీద రాసుకున్నది కాదు, మాటే. కానీ వచ్చే జూన్‌లో మళ్లీ ఆ గుమ్మం తొక్కాల్సిన మనిషి ఆ మాట దాటలేడు.

ఇప్పుడు లెక్క చూడండి. 70,000కు నెలకు 1,400 వడ్డీ. ఏడాదికి 16,800. పీఎం కిసాన్ కింద భూమి ఉన్న రైతుకు కేంద్రం ఏడాదికి ఇచ్చేది 6,000. అంటే దానికి దాదాపు మూడు రెట్లు, ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు కట్టనందుకు వడ్డీగా పోయింది. అదీ భూమి ఉన్నవాడితో పోల్చితే. కౌలు రైతుకు ఆ 6,000 కూడా రాదు, అది పట్టా ఎవరి పేరున ఉందో వారి ఖాతాకు పోతుంది. ఇక కొట్టు షరతు సంగతి. ఎకరానికి 20 క్వింటాళ్ల చొప్పున 80 క్వింటాళ్లు తెచ్చాడనుకుందాం. బయట పలికే ధర కంటే క్వింటాకు 300 తక్కువ కట్టినా 24,000 పోయినట్టే. వడ్డీ, ధర కోత కలిపితే 40,800. బిడ్డ ఒక ఏడాది ఫీజు కంటే ఎక్కువ. ఉచితంగా చదివిస్తామన్న చదువుకు ఇది అసలు ఖరీదు.

ఇందులో ప్రభుత్వం ఏం చేసిందో సూటిగా చెప్పుకోవాలి. తాను ఇవ్వాల్సిన డబ్బు రెండేళ్లు ఆపుకుంది. ఆ రెండేళ్లు ఆ డబ్బు దాని దగ్గరే ఉంది, వేరే ఖర్చులకు వాడుకుంది. దానికి వడ్డీ ఒక్క పైసా కట్టలేదు. ఆ వడ్డీ కట్టింది నాలుగెకరాల కౌలుదారు. మాటలు ఎలా తిప్పినా ఇది మన దగ్గర ప్రభుత్వం తీసుకున్న చేబదులు. అడగకుండా తీసుకున్న చేబదులు.

పథకం చెడ్డదని మేము అనడం లేదు. ఆ మాట అంటే మన ఇళ్లలో పిల్లలే ఒప్పుకోరు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944 నుంచీ ఉంది. సాంఘిక సంక్షేమ హాస్టలు, దానితో వచ్చే స్కాలర్‌షిప్పు లేకపోతే మన ఊళ్లలో మొదటి టీచర్లు, మొదటి నర్సులు, మొదటి ఇంజనీర్లు ఎక్కడినుంచి వచ్చేవారు? 2008 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం బీసీలకు, ఆ వెంటనే ఈబీసీలకు కూడా వృత్తివిద్య ఫీజు కట్టడం మొదలుపెట్టాక, కూలికి పోయే ఇంటి పిల్లవాడు బీటెక్‌లో చేరడం వింత కాకుండా పోయింది. అది చిన్న మార్పు కాదు. ఒక ఇంట్లో ఒక్కరు నెల జీతం తెచ్చుకుంటే ఆ ఇంటి సేద్యానికి ఎంత ఊపిరి వస్తుందో మనకు తెలుసు. వాన పోయిన ఏడు కూడా ఆ ఇల్లు భూమి అమ్ముకోకుండా నిలబడుతుంది. అందుకే ఈ పథకం సేద్యానికి సంబంధం లేనిది కాదు. బోరు, ట్రాక్టరు ఎంత ముఖ్యమో ఇంట్లో ఒక డిగ్రీ అంత ముఖ్యం.

అయితే అదే కాలంలో ఇంకొకటి జరిగింది. ఫీజు సర్కారు కడుతుందన్న ధైర్యంతో ఇంజనీరింగ్ కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో వాటి సంఖ్య ఏడు వందల దాకా చేరింది. పొలాల మధ్య నాలుగంతస్తుల బిల్డింగు, ల్యాబులో నాలుగు కంప్యూటర్లు, ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనపడే లెక్చరర్లు. అలాంటివి మన మండలాల్లోనూ చూశాం. చదువు మీద పెట్టిన డబ్బులో ఎంత చదువుకు పోయింది, ఎంత బిల్డింగులకు పోయింది అన్నది అప్పుడే అడగాల్సింది. అడగలేదు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉంటే కూడా పెద్దగా పట్టించుకోలేదు. ఆ పాపంలో మన వంతు కూడా ఉంది.

డబ్బు ఎక్కడ ఆగుతుంది? విద్యార్థి దరఖాస్తు పెడతాడు. తెలంగాణలో ఈపాస్‌లో, ఆంధ్రలో జ్ఞానభూమిలో. కులం, ఆదాయం, హాజరు, ఆధార్ అన్నీ సరిచూస్తారు. కాలేజీ ధ్రువీకరిస్తుంది, జిల్లా సంక్షేమ అధికారి మంజూరు చేస్తాడు, బిల్లు ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబరు పడుతుంది. అక్కడ ఆగుతుంది. టోకెన్ పడింది అంటే డబ్బు వచ్చినట్టు కాదు. బడ్జెట్‌లో కేటాయించాం అంటే విడుదల చేసినట్టు కాదు. ధాన్యం అమ్మి పట్టీ చేతిలో పెట్టుకుని ఖాతాలో డబ్బు కోసం ఎదురుచూసిన మనకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. అసెంబ్లీలో మంత్రి కేటాయింపు అంకె చదువుతాడు, పేపర్లో ఆ అంకె పెద్దగా వస్తుంది. కాలేజీ ఆఫీసులో మాత్రం పిల్లను బయట నిలబెడతారు.

తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు చేరాయని 2025లో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు రెండు నెలల తేడాలో రెండుసార్లు బంద్ పిలుపు ఇచ్చాయి. నవంబరులో కాలేజీలు మూతపడ్డాయి కూడా. కొంత డబ్బు ఇస్తామన్నాక తెరుచుకున్నాయి. ఆ బంద్‌లో యాజమాన్యాల గొంతు అందరికీ వినపడింది. జీతాలివ్వలేకపోతున్నాం, కాలేజీలు నడపలేకపోతున్నాం అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ బకాయిలో ఎంత భాగం అప్పటికే తల్లిదండ్రుల దగ్గర వసూలు చేసుకున్నారో ఎవరైనా చెప్పారా? చాలా కాలేజీలు ముందు మన దగ్గర కట్టించుకుని, ప్రభుత్వం ఇచ్చాక తిరిగిస్తామంటాయి. ప్రభుత్వం ఇచ్చినప్పుడు అందులో ఎంత మన చేతికి వచ్చింది? కొందరికి వచ్చింది. కొందరికి బిల్డింగ్ ఫండు, లైబ్రరీ, స్పెషల్ ఫీజు అని కోసుకుని మిగిలింది ఇచ్చారు. కొందరి పిల్లలు చదువు ముగించి వెళ్లిపోయారు, అడిగే నాథుడు లేడు. బకాయి లెక్క ప్రభుత్వానికి, కాలేజీకి మధ్య మాత్రమే నడుస్తోంది. మూడో మనిషి, అంటే అసలు డబ్బు పెట్టిన మనిషి, ఆ లెక్కలో లేనే లేడు.

అందుకే మేము యాజమాన్యాల బంద్‌కు మద్దతు తెలపలేదు. వారి బాధ వేరు, మన బాధ వేరు. సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే చేయి వారిదే. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా నాలుగేళ్లు చదివి ఉద్యోగం వచ్చిన పిల్లవాడికి టీసీ, మెమోలు ఇవ్వకుండా బాకీ కట్టమనడం ఆగలేదు. ఉద్యోగంలో చేరే గడువు పది రోజులుంటే తండ్రి ఏం బేరమాడతాడు? ఇల్లాలి మెడలోది తాకట్టుకు పోతుంది. అంతే.

ఇక ఫీజు ఎంత కడతారన్నది ఇంకో సంగతి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఈఏపీసెట్‌లో పది వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ పిల్లలకు మొత్తం ఫీజు. పది వేలు దాటిన బీసీ, ఈబీసీలకు 35,000 వరకే. ఈ 35,000 పదేళ్లకు పైగా కదలలేదు. ఈలోపు డీజిల్ పెరిగింది, డీఏపీ పెరిగింది, కాలేజీ ఫీజులూ పెరిగాయి. లక్ష ఫీజు ఉన్న కాలేజీలో చేరితే ఏడాదికి 65,000 ఇంటి మీద పడుతుంది. నాలుగేళ్లకు 2,60,000. పది వేల లోపు ర్యాంకు ఎవరికి వస్తుంది? పట్నంలో రెండేళ్లు కార్పొరేట్ కాలేజీలో కోచింగు తీసుకున్నవారికి ఎక్కువ వస్తుంది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివి, సెలవుల్లో పత్తి తీసిన పిల్లకు ఇరవై వేలో నలభై వేలో వస్తుంది. ఎక్కువ సాయం కావాల్సిన ఇంటికి తక్కువ, తక్కువ కావాల్సిన ఇంటికి ఎక్కువ. ఇది ఎవరికి తోచిన న్యాయమో!

ఆంధ్రలో కథ ఇంకో దారిలో నడిచింది. 2019 తర్వాత ప్రభుత్వం ఫీజును విద్యాదీవెన పేరుతో మూడు నెలలకోసారి తల్లి ఖాతాలో వేసే పద్ధతి తెచ్చింది. 2020 ఫిబ్రవరిలో హాస్టలు, భోజనం ఖర్చులకు వసతిదీవెన మొదలుపెట్టింది. ఏడాదికి ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000. తల్లి ఖాతాలో వేయడం గురించి మనలో మనకే రెండు అభిప్రాయాలున్నాయి. డబ్బు ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది మొదటిసారి ఇంటికి తెలిసింది. అది మంచిదే. కాలేజీకి పోయి "ఇదిగో మేము కడుతున్నాం, మా పిల్లకు పాఠం చెప్పే అయ్యవారు ఎక్కడ" అని అడిగే హక్కు తల్లికి వచ్చింది. అలా అడిగినవాళ్లు తక్కువే అనుకోండి. కానీ డబ్బు ఆలస్యమైనప్పుడు బాకీదారు ప్రభుత్వం కాకుండా తల్లి అయింది. కాలేజీ ఫోను నేరుగా ఆమెకే. వచ్చిన డబ్బు కొన్నిచోట్ల బ్యాంకువాళ్లు పాత బాకీ కింద పట్టుకున్నారు. తర్వాతి ప్రభుత్వం 2024లో ఆ పద్ధతి మార్చి, డబ్బు కాలేజీకే ఇస్తామంది. మధ్యలో ఆగిన విడతలకు ఎవరు పూచీ అన్నది పాతవారు కొత్తవారి మీద, కొత్తవారు పాతవారి మీద వేసుకున్నారు. ఏ పార్టీ ప్రభుత్వమైనా ఒక్కటే మన ప్రశ్న. ఖాతా ఎవరిదైనా ఫర్వాలేదు, తేదీ ఏది?

అదే ఆంధ్రలో 2020 డిసెంబరులో జీవో 77 వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి ఈ సాయం లేదని తేల్చింది. డిగ్రీ వరకు ఒడ్డుకు చేరిన పిల్లలను ఎంబీఏ, ఎంసీఏ, ఎమ్మెస్సీ గుమ్మంలో ఆపేసింది. అంతమంది పిల్లలకు సరిపడా సీట్లు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉన్నాయా అంటే లేవు. ఆ ఏడాది పీజీ మానేసి ఇంటికి వచ్చినవారు మన ఊళ్లలోనే ఉన్నారు. వారిని అడిగితే చెబుతారు.

అర్హత కాగితాల దగ్గర మన వృత్తికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఆంధ్రలో ఆదాయ పరిమితి ఏడాదికి 2,50,000, భూమి పరిమితి మాగాణి 10 ఎకరాలు లేదా మెట్ట 25 ఎకరాలు. ట్రాక్టరు ఉన్నా ఫర్వాలేదు, కారుంటే కుదరదు. ఈ షరతులు మరీ అన్యాయమైనవి కావు. తెలంగాణలో పల్లెల్లో బీసీలకు పరిమితి 1,50,000. ఇక్కడే తంటా. జీతగాడి ఆదాయం జీతం పట్టీలో ఉంటుంది. రైతు ఆదాయం ఎక్కడుంది? ధాన్యం అమ్మితే ఖాతాలో మూడు లక్షలు పడ్డాయి. అందులో కౌలు పోవాలి, కోత మిషను పోవాలి, ఎరువుల కొట్టు బాకీ పోవాలి, కూలీలు పోవాలి. చివరికి మిగిలేది చేటలో గింజలంత. కానీ బ్యాంకు పుస్తకం చూసి "మూడు లక్షల ఆదాయం ఉంది కదా" అన్న అధికారులు ఉన్నారు. వచ్చిన సొమ్ముకు, మిగిలిన సొమ్ముకు తేడా తెలియనట్టు మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వమే 2019లో చేసిన జాతీయ నమూనా సర్వేలో రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,218 రూపాయలని తేలింది. అందులో కూలి, పశువులు, వేరే సంపాదన అన్నీ కలిసి ఉన్నాయి. ఆ సర్వేలోనే ఆంధ్రలో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం రైతు కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయని రాశారు. దేశం మొత్తం మీద అది సగమే. అంత అప్పు ఉన్న ఇళ్ల మీద ప్రభుత్వం తన బకాయి కూడా వేసింది.

అప్పు ఎవరి దగ్గర అన్నదీ ముఖ్యం. పంట రుణం బ్యాంకులో 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం తగ్గింపు. ఆ రుణం పట్టా ఉన్నవాడికి. కౌలు రైతుల కోసం 2011లో చట్టం చేశారు, రుణ అర్హత కార్డులు అన్నారు. ఆంధ్రలో 2019లో ఇంకో చట్టం చేసి, భూమి యజమాని సంతకం ఉంటేనే కార్డు అన్నారు. యజమాని సంతకం పెట్టడు. కాబట్టి కౌలు రైతు ఫీజు కోసం పోయేది రెండు రూపాయల వడ్డీకో మూడు రూపాయల వడ్డీకో. రేపు ప్రభుత్వం రుణమాఫీ ప్రకటించినా ఆ అప్పు మాఫీ కాదు. 2024లో తెలంగాణలో రెండు లక్షల వరకు మాఫీ చేసింది బ్యాంకు పంట రుణమే. కొట్టు నోటు మీద రాసుకున్న ఫీజు అప్పు ఏ మాఫీలోకీ రాలేదు, రాదు కూడా.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. ఇంట్లో ఇద్దరు చదువుతూ ఇద్దరి ఫీజూ ఆగితే, అప్పు ఎవరి కోసం తెస్తారు? చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా నిజం మనకు తెలుసు. అబ్బాయికి తెస్తారు. అమ్మాయిని "ఒక ఏడాది ఆగమ్మా" అంటారు. ఆ ఏడాదిలోపే సంబంధం వస్తుంది. ప్రభుత్వం ఆలస్యం చేసిన ఆరు నెలలు ఆ పిల్ల జీవితాన్ని తీసుకుపోయి ఇంకోచోట పెడతాయి. మన సభ్యుల ఇళ్లలోనే ఇది జరిగింది. ఈ తప్పులో ప్రభుత్వం వాటా ఎంత, మన వాటా ఎంత అని ఎవరికి వారు ఆలోచించుకోవాలి.

డబ్బు లేదు, ఏం చేస్తాం అంటారు పాలకులు. మన జవాబు పాతదే, వారి చట్టాల్లోనే ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీ చెరకు తీసుకున్న 14 రోజుల్లో రైతుకు డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ కలపాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూలి 15 రోజుల్లో ఇవ్వాలన్నారు, తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకూ 0.05 శాతం పరిహారం పెట్టారు. అవి ఎంత అమలయ్యాయన్నది వేరే సంగతి. చెరకు రైతులు ఆ వడ్డీ కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కానీ సూత్రం ఒప్పుకున్నారు కదా. ఆలస్యం చేసినవాడే ఆలస్యానికి ఖరీదు కట్టాలి అన్నది. అదే సూత్రం ఫీజుకు ఎందుకు లేదు? చెరకు లెక్క ప్రకారమే చూసినా మన కౌలు రైతుకు 70,000 మీద ఏడాదికి 10,500 రావాలి. కరెంటు బిల్లు ఒక్క నెల ఆగితే మన దగ్గర అపరాధ రుసుము వసూలు చేసే ప్రభుత్వానికి ఇది తెలియని లెక్క కాదు.

మన సభ్యుల్లో కొందరు ఇంకో మాట అంటున్నారు. అసలు ప్రైవేటు కాలేజీలకు ఎందుకు పంపాలి, ప్రభుత్వ కాలేజీల్లో చేర్చండి, ఈ డబ్బంతా వాటికే పెట్టమని అడుగుదాం అని. ఈ మాట కొట్టిపారేసేది కాదు. మండలానికి దగ్గరలో మంచి ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పాలిటెక్నిక్, ఆడపిల్లలకు హాస్టలు, వేళకు బస్సు ఉంటే మన పిల్లల్లో సగం మంది అక్కడే చదువుతారు. దాని కోసం పోరాడాల్సిందే. కానీ ఈరోజు మూడో ఏడులో ఉన్న పిల్లను మధ్యలో తీసుకుపోయి ఎక్కడ చేర్చాలి? నారు పోసిన మడి ఎండుతుంటే కాలువ తవ్వకం గురించి మాట్లాడుతూ కూర్చోలేం. రెండూ కావాలి. ముందు నీళ్లు పెట్టాలి.

కాబట్టి వచ్చే మహాసభకు మేము ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాం. ఫీజు విడుదలకు తేదీలు పెట్టాలి. మొదటి విడత విద్యాసంవత్సరం మొదలైన మూడు నెలల్లోపు, చివరి విడత పరీక్షల హాల్ టికెట్లకు ముందు. తేదీ దాటితే వడ్డీ ప్రభుత్వమే కలిపి ఇవ్వాలి, అది చట్టంలో రాయాలి, హామీల్లో కాదు. తల్లిదండ్రులు ముందుగా కట్టిన డబ్బును కాలేజీ రాతపూర్వకంగా చూపించాలి, ప్రభుత్వం విడుదల చేసిన నాడే ఆ మొత్తం నేరుగా కట్టినవారి ఖాతాకు పోవాలి. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ మీద కేసు పెట్టే అధికారం జిల్లా కలెక్టరుకు ఉండాలి. 35,000 పరిమితి తీసేసి, ఫీజుల నియంత్రణ కమిటీ నిర్ణయించిన ఫీజు మొత్తం కట్టాలి. రైతు ఆదాయం లెక్కకట్టేటప్పుడు సాగు ఖర్చు, కౌలు తీసేసి చూడాలని తహసీల్దార్లకు స్పష్టమైన ఆదేశాలివ్వాలి. కేంద్రం కూడా తప్పించుకోవడానికి వీల్లేదు. ఎస్సీ విద్యార్థుల స్కాలర్‌షిప్పులో 60 శాతం తన వాటా అని 2020 డిసెంబరులో కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. బీసీ పిల్లల ఫీజు భారం మాత్రం దాదాపు అంతా రాష్ట్రాల మీదే ఉంది. జనాభాలో సగం ఉన్నవారి చదువుకు కేంద్రం వాటా ఎంతో తేల్చాలి.

మహాసభ దాకా ఆగకుండా ఇప్పుడే చేయాల్సిన పని కూడా ఉంది. రశీదు లేకుండా కాలేజీలో ఒక్క రూపాయి కట్టకండి. "ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం" అంటే ఆ మాటే రశీదు మీద రాయించుకోండి. రాయకపోతే ఆ రోజు తేదీ, మాట్లాడినవారు ఎవరో మీ నోట్‌బుక్కులో రాసుకోండి. పిల్లల దరఖాస్తు నంబరు, ఈపాస్‌లో లేదా జ్ఞానభూమిలో ఇప్పుడు ఏ దశలో ఉందో ఒక ప్రింటు తీయించండి. మీసేవ దగ్గరో, ఊళ్లో చదువుకున్న పిల్లల చేతో తీయించవచ్చు. ఫీజు కోసం ప్రామిసరీ నోటు రాసి ఉంటే దాని జిరాక్సు కూడా పెట్టండి. అది బయటపెట్టడానికి మొహమాటపడకండి, పేర్లు మేము ఎక్కడా రాయం. ఇవన్నీ వచ్చే నెల మొదటి ఆదివారం మండల కమిటీ సమావేశానికి తీసుకురండి. ఊరివారీగా, కాలేజీవారీగా, వడ్డీతో సహా లెక్కకట్టి, మరుసటి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే వేళకు అందరం కలిసి వెళ్దాం. చదువుకుంటున్న పిల్లలను కూడా వెంట తీసుకురండి. ముఖ్యంగా ఆడపిల్లలను.